పద్నాలుగు అంకెల వాన

జూలైలో ఒక రాత్రి గంటసేపు వాన కురిసింది. అనంతపురంలో వాన పడితే మరునాడు పలకరింపుల్లో మొదటి మాట అదే: "మీ పక్క ఎంత పడింది?" జవాబు మూడు రకాలుగా ఉంటుంది. "ఏదో జల్లు", "బాగా పడింది", "పదునైంది". రైతుకు ఈ మూడూ చాలు. నాకు మాత్రం అంకె కావాలి. అందుకే మేడ మీద పాత పాలపొడి డబ్బా ఒకటి పెట్టుకున్నాను. బకెట్ పనికిరాదు. దాని మూతి వెడల్పు, అడుగు ఇరుకు, కాబట్టి అందులో నిలిచిన నీటి ఎత్తు ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. గోడలు నిటారుగా ఉన్న డబ్బా అయితే మోసం చేయదు. తెల్లారి స్కూలు స్కేలు దించి చూశాను. స్కేలు చివర సున్నాకు ముందు కాస్త ఖాళీ ఉంటుంది కదా, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 14 మిల్లీమీటర్లు.

మిల్లీమీటరు వాన లీటర్లలోకి తేలిగ్గా మారిపోతుంది. చదరపు మీటరు నేల మీద 1 మి.మీ. నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. అంటే ఆ రాత్రి ప్రతి చదరపు మీటరు మీదా 14 లీటర్లు, రమారమి ఒక బిందెడు. మన కాలనీల్లో మామూలుగా ఉండే 30×40 సైటు 111 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 553 మి.మీ. ఈ రెంటినీ గుణిస్తే 61,650 లీటర్లు. ఎండాకాలంలో 5,000 లీటర్ల ట్యాంకరు కోసం సందు మొగలో ఎదురుచూసే ఇంటి మీద ఏటా పన్నెండు ట్యాంకర్ల నీళ్లు ఊరికే పడి పోతున్నాయన్నమాట.

ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ లెక్క మొదలుపెట్టినవాడికి ఆగడం కష్టం. సైటుకు ఇంతయితే జిల్లాకు ఎంత?

2022 ఏప్రిల్ 4న రెండు ముక్కలు కాకముందు ఉమ్మడి అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు పది లక్షల చదరపు మీటర్లు. 19,130ని 553తో గుణించి పక్కన ఆరు సున్నాలు చేర్చితే వచ్చేది:

1,05,78,89,00,00,000 లీటర్లు.

పద్నాలుగు అంకెలు. పది లక్షల యాభై ఏడు వేల ఎనిమిది వందల ఎనభై తొమ్మిది కోట్లు. లెక్క సరిపోయిందో లేదో పాత పద్ధతిలో చూసుకుందాం. 19,130 అంకెల మొత్తం 14, దాన్ని మళ్లీ కూడితే 5. 553 అంకెల మొత్తం 13, అది 4. ఐదు నాలుగులు ఇరవై, అంటే 2. జవాబులోని అంకెలు కూడితే 38, అది 11, అది 2. సరిపోయింది. కాలిక్యులేటర్ లేని రోజుల్లో తొమ్మిదులు తీసేసి సరిచూసుకునే ఈ కిటుకు తప్పు లెక్కను పట్టిస్తుంది. ఒప్పు లెక్కకు పూర్తి హామీ మాత్రం ఇవ్వదు.

అంత పెద్ద సంఖ్యకు మనవాళ్ల దగ్గర పేరు కూడా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో ఒకట్ల స్థానం నుంచి ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆ వరుసలో పద్నాలుగో స్థానం మహాఖర్వం. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు. మన భాషలో లెక్కల పుస్తకం అంటే అదే మొదటిదని పండితులు చెబుతారు. కాబట్టి కరువు జిల్లా మీద ఏటా ఒక మహాఖర్వం లీటర్ల పైచిలుకు వాన పడుతుందని నిక్షేపంగా అనొచ్చు. వినడానికి గొప్పగా ఉంటుంది, బిందెలు మాత్రం నిండవు.

ఇక ఈ సంఖ్య లోపల ఏముందో చూద్దాం. విడగొట్టి రాస్తే ఇలా ఉంటుంది: ఒక కోటి × 1913 × 553. ఇందులో 553 అంటే 7 × 79. రెండూ ప్రధాన సంఖ్యలే. 1913ని 2 నుంచి 43 దాకా ఏ ప్రధాన సంఖ్యతో భాగించి చూసినా శేషం మిగులుతుంది, కాబట్టి అదీ ప్రధాన సంఖ్యే. కోటి మాత్రం 2లు ఏడు, 5లు ఏడు.

కోటి దగ్గర ఒక్క క్షణం నిలబడాలి. దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్నో లెక్కపెడితే సరిగ్గా 64. ఎందుకంటే 2ను ఒక్కసారీ వాడకపోవడం దగ్గర్నుంచి ఏడుసార్లు వాడటం దాకా ఎనిమిది దారులు, 5కూ అలాగే ఎనిమిది దారులు. కాగితం మీద ఎనిమిది నిలువు గళ్లు, ఎనిమిది అడ్డం గళ్లు గీయండి. అడ్డం వరసకు 1, 2, 4, 8... 128. నిలువు వరసకు 1, 5, 25... 78,125. ప్రతి గడిలో ఆ రెంటి లబ్ధం రాస్తూ పోతే కోటి భాజకాలన్నీ చదరంగం బల్లలా పరుచుకుంటాయి. మొదటి గడిలో 1, ఎదురు మూల చివరి గడిలో 128 × 78,125, అంటే కోటి. రోజుకు పదిసార్లు మన నోట నలిగే కోటి లోపల చదరంగం బల్ల ఉందని నాకూ ఈ వాన లెక్క వేసేదాకా తట్టలేదు.

ఈ 64కు 7, 79, 1913 తోడయ్యాయి. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, మానేయొచ్చు. అంటే మూడుసార్లు రెట్టింపు. మొత్తం 512 భాజకాలు. అన్ని రకాలుగా పంచిపెట్టగల సంఖ్య కదా, మరి పాత జిల్లాలోని 63 మండలాలకు సమంగా పంచితే? పంచలేం. 63లో 9 ఉంది, మన సంఖ్యలో ఒక్క 3 కూడా లేదు. మండలానికి 1,67,91,88,88,888 లీటర్లు వస్తాయి. ఆ ఎనిమిదుల బారు చూడండి. 7తో భాగం తేలిపోయాక 9తో భాగించేటప్పుడు ప్రతిసారీ 8 మిగులుతూ, కిందికి దించిన ప్రతి సున్నాకూ మళ్లీ 8నే పుట్టిస్తుంది. ఏడు సున్నాలు, ఏడు ఎనిమిదులు. చివరికి మిగిలేది 56 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రకారం ఒక మనిషికి రోజుకు ఇవ్వాల్సింది 55. జిల్లా ఏడాది వాననంతా పంచగా మిగిలింది ఒక మనిషి ఒకరోజు వాడకం, పైన ఒక లీటరు.

1913 గురించి ఇంకో మాట. అది అనుకోని చోట కనిపిస్తుంది. జిల్లా అంతటా ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? సరిగ్గా 1,913 కోట్లు. కాబట్టి జిల్లా సగటు వర్షపాతం ఎన్ని మి.మీ. అని పేపర్లో చూసినా, దాన్ని 1913తో గుణిస్తే కోట్ల లీటర్లు చేతికొస్తాయి. గుణకారంలో ఎవరికీ లొంగని ప్రధాన సంఖ్య అది. అలాంటిది జిల్లాల విభజనలో 10,205 చదరపు కిలోమీటర్లు అనంతపురానికి, 8,925 శ్రీసత్యసాయి జిల్లాకు పోయేసరికి కూడికలో రెండు ముక్కలైంది. ఇప్పుడు ఒకవైపు 5 × 13 × 157, ఇంకోవైపు 3 × 5 × 5 × 7 × 17. వెతికినా 1913 జాడ లేదు. ఆ నేల అలాగే ఉంది, ఆ మబ్బులూ అవే.

ఈ ముచ్చటలో ఒక మెలిక దాగుంది. ఈ సంఖ్యకు 512 భాజకాలున్నాయన్నది తిరుగులేని నిజం. అనంతపురం వానకు 512 భాజకాలున్నాయి అంటే మాత్రం అర్థం లేని మాట. లీటర్లకు బదులు ఘనపు మీటర్లలో రాస్తే మూడు సున్నాలు పోయి, భాజకాలు 200కు పడిపోతాయి. ఒక్క చుక్క కూడా ఆవిరి కాలేదు. పోనీ లీటర్లే ఉంచి, 553 బదులు 552 మి.మీ. అనుకోండి. వాన తగ్గింది, భాజకాలు మాత్రం 704కు పెరిగాయి! ఏ సంవత్సరాల సగటు తీసుకున్నారన్నదాన్నిబట్టి ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ మారే సంఖ్య అది. 553 అంటే అసలు అర్థం 552.5కు, 553.5కు మధ్య ఎక్కడో అని. ఆ మధ్య దూరమే 1,913 కోట్ల లీటర్లు. పద్నాలుగు అంకెల్లో మనం నమ్మదగ్గవి మొదటి మూడే. మిగతా పదకొండు గుణకారం చేసిన అలంకారం.

2011 జనాభా లెక్కల్లో జిల్లాకు వచ్చిన 40,81,148 అలాంటిది కాదు. అది ఇంటింటికీ తిరిగి, మనిషి తర్వాత మనిషిని లెక్కపెట్టిన సంఖ్య. అందులో చివరి 8కీ ఎవరో ఒకరు బాధ్యులు. కొలిచిన సంఖ్యకూ లెక్కపెట్టిన సంఖ్యకూ ఉన్న ఈ తేడా చాలామంది ఉపన్యాసకులకు పట్టదు. ఆ మాటకొస్తే, "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మనదే" అని ప్రతి వేదిక మీదా వినిపించే మాట కూడా అంకెలకు నిలవదు. బీకానేర్, బాడ్మేర్, లేహ్‌లలో మనకన్నా చాలా తక్కువ పడుతుంది. కరువు చెప్పుకోవడానికి మనకు ఆ రెండో ర్యాంకు అక్కర్లేదు.

అసలు ఏ అనుమానానికీ తావులేని పెద్ద సంఖ్య కావాలంటే మళ్లీ చదరంగం బల్ల దగ్గరికే పోవాలి. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... అలా 64 గళ్లూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు, మహావీరుడి వరుసలో మహాశంఖం. ఈ సంఖ్యను ఒకే పద్యంలో ఇమిడ్చి మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మల్లన పేరు మీదే అది ప్రచారంలో ఉంది. అంకెలకు బదులు మాటలు పెట్టే ఆ పద్ధతిని భూతసంఖ్య అంటారు. చంద్రుడు ఒక్కడే, కాబట్టి శశి అంటే 1. మన్మథుడి బాణాలు అయిదు, శర అంటే 5. వేదాలు నాలుగు, సముద్రాలూ నాలుగే. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

ఆ పద్ధతిలో మన వాన సంఖ్యను రాద్దామని కూర్చున్నాను. మొదట ఏడు సున్నాలు రావాలి. సున్నాకు భూతసంఖ్యలో ఏం మాటలున్నాయో తెలుసా? గగనం, ఆకాశం, అంబరం, వియత్తు, వ్యోమం. అన్నీ ఆకాశమే. మేఘం అనే అర్థమున్న అభ్రం కూడా సున్నాయే. ఏడుసార్లు ఆకాశంకేసి చూశాక గానీ మొదటి అంకె రాదు. దీనికన్నా పెద్ద విశేషం, ఆ జాబితాలో 'అనంత' కూడా ఉంది. అనంతం అంటే సున్నా! మన ఊరికి ఆ పేరు అనంతసాగరం చెరువు నుంచి వచ్చింది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు కట్టించిన చెరువది. ఆ పేరు రాణిదని కొందరు, ఆ పేరుగల రాణే లేదు, మంత్రి పేరే అనంతరస అని కొందరు. భూతసంఖ్య ప్రకారం మాత్రం అనంత సున్నా, సాగరం నాలుగు, కుడి నుంచి ఎడమకు చదివితే అనంతసాగరం అంటే నలభై. అంతులేని సముద్రం అని పేరు పెట్టుకుంటే లెక్కలవాళ్లు నలభై దగ్గర కట్టేశారు.

వానను గింజలతో పోల్చాలంటే లీటర్లు వదిలి చినుకులు లెక్కపెట్టాలి. చినుకు వ్యాసం 2 మి.మీ. అనుకుందాం. లీటరుకు సుమారు 2,38,700 చినుకులు. జిల్లా మీద ఏడాదిలో పడే చినుకులు 25 పక్కన పదిహేడు సున్నాలు. చదరంగం మీద గింజకు బదులు చినుకు పెడుతూ పోతే ఒక ఏడాది వాన 61 గళ్లు దాటి 62వ గడిలో అడుగుపెడుతుంది. ఇక మూడు గళ్లేగా, ఇంకో రెండు నెలల వాన చాలదా అనిపిస్తుంది. చాలదు. బల్ల పూర్తిగా నిండాలంటే మొత్తం ఏడేళ్ల మూడు నెలల పైచిలుకు వాన కావాలి. రెట్టింపు స్వభావమే అది. చివరి గడి ఒక్కటే అంతకుముందున్న 63 గళ్ల మొత్తం కన్నా ఒకటి ఎక్కువ తింటుంది.

పెద్దదైనంత మాత్రాన పంచడానికి అనువైనది కావాలని కూడా లేదు. చదరంగం సంఖ్య మన వాన సంఖ్యకు 17 లక్షల రెట్ల పైమాట. దాన్ని విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు. భాజకాలు 128 మాత్రమే, మనదానిలో నాలుగో వంతు. వీటిలో 641ది ఒక చిన్న కథ. 2ను 32 సార్లు గుణించి ఒకటి కలిపితే ప్రధాన సంఖ్యే వస్తుందని ఫెర్మా నమ్మాడు. కాదు, అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చేశాడు.

ఇప్పుడు ఒక వింత. మా కాలువలకు నీళ్లొచ్చే తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు నిల్వ సుమారు 133 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు లెక్కలో ఉన్నది 105.788 టీఎంసీలు. మన వాన సంఖ్యను మళ్లీ చూడండి: 1,05,788 తర్వాత 9. ఆరు అంకెలు వరసగా అవే! మొదట చూసినప్పుడు నాకూ ఒళ్లు జలదరించింది. జ్యోతిష్యులకు ఇంతకన్నా తక్కువ సరుకు చాలు. కానీ ఒకటి లీటర్లలో ఉంది, రెండోది ఘనపుటడుగుల్లో. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు తలా వెయ్యి అడుగులున్న నీటి దిమ్మె. అదే కొలతలో వానను రాస్తే 373.59 టీఎంసీలు. జలాశయంతో భాగిస్తే 3.53 రెట్లు. ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు కదా, ఆ నిష్పత్తే ఇక్కడ ముసుగేసుకుని వచ్చింది. కొలబద్దలు వేరైనప్పుడు కుదిరిన పోలిక అది, అంతే.

నిండు తుంగభద్ర మూడున్నర సార్లు మన నెత్తిన పడుతున్నా, మనం ఆశగా చూసేది హెచ్చెల్సీకేసి, అంటే తుంగభద్ర ఎగువ కాలువకేసి. ఎగువ కాలువలో ఆంధ్ర వాటా 32.5 టీఎంసీలు, అదీ కడప, కర్నూలు ఆయకట్టుతో కలిపి. ఆ మొత్తాన్ని జిల్లా మీద సమంగా పరిస్తే 48 మి.మీ. లోతు. రెండు మూడు మంచి వానల పాటి. తలకు పంచి చూసినా అంతే వింత. 2011 జనాభా ప్రకారం మనిషికి రోజుకు 7,100 లీటర్ల వాన. కావాల్సింది 55.

ఇంత ఉండీ కరువేమిటి? గుణకారం చేసినంతసేపూ అన్నీ పుష్కలంగానే ఉంటాయి, పేచీ అంతా భాగహారంలో వస్తుంది. 553లో 338 మి.మీ. ముంగారు వానలు, అంటే నైరుతివి. 156 మి.మీ. ఈశాన్యానివి. ఆ రెండు కాలాలకు బయట పడేది 59 మి.మీ. పడమటి కనుమలు అడ్డంపడి నైరుతి మబ్బు ఇక్కడికి వచ్చేసరికి తేలిపోతుంది. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యం కూడా అరకొరే. పడినదాంట్లో ఎక్కువ భాగం ఎండకు ఆవిరైపోతుంది, కొంత మొక్క తాగుతుంది. ఎర్ర గరుసు నేల ఎక్కువసేపు తేమ పట్టి ఉంచదు.

ఎకరాకు 25 మి.మీ. పడితే లక్ష లీటర్లు దాటుతుంది. విత్తడానికి ఆ ఒక్క పదును చాలు. కానీ శనక్కాయ నూట పది రోజుల పంట. పూత పూసి, ఊడలు నేలలోకి దిగే వేళ పైపొర తడిగా ఉండాలి. అప్పుడు మూడు వారాలు మబ్బు మొహం చాటేసి, పీకే రోజుల్లో ఒకే రాత్రి 100 మి.మీ. కురిస్తే సగటు చక్కగా సరిపోతుంది. రికార్డులో వర్షపాతం సాధారణం. ఒక ఏడు 300, మరో ఏడు 806 పడినా సగటు 553 అని గుమాస్తా తప్పులేకుండా రాసుకుంటాడు. ఆ రెండేళ్లూ రైతుకు పంట ఉండదు.

ఆగస్టు ఆఖరున మళ్లీ ఒక జల్లు పడింది. మేడ ఎక్కి డబ్బాలో స్కేలు దించాను. 3 మి.మీ. చేతికి అలవాటైన లెక్క కదా, మెట్లు దిగేలోపే మనసులో గుణించేశాను. మూడు పంతొమ్మిది వందల పదమూళ్లు, 5,739 కోట్ల లీటర్లు. ఆ ఉత్సాహంతోనే కళ్యాణదుర్గం పక్క సేద్యం చేసే మిత్రుడికి ఫోన్ చేసి, మీ పక్క ఎంత పడిందన్నాను.

"ఎక్కడ సార్, చేన్లో దుమ్ము లేస్తాంది" అన్నాడు. "మీకు పడిందా?"